ఆ ఎర్ర మచ్చ పెట్టిందెవరు?

"సార్, గీ ఫోటో పైకెల్లి ఎవలు తీస్తరు?"

నిజామాబాద్ జిల్లా సిరికొండలో ఒక పసుపు రైతు నన్నడిగిన ప్రశ్న ఇది. మార్చి నెల, పొద్దుగూకే వేళ. ఉడకబెట్టిన కొమ్ములు కళ్లంలో ఎండుతున్నాయి. ఎండే రోజుల్లో వాన తడిపిందంటే రంగు చెడుతుంది. రంగు చెడితే నిజామాబాద్ యార్డులో ధర పడిపోతుంది. అందుకే ఆయన కళ్లు ఒకసారి ఆకాశం మీద, ఒకసారి ఫోను మీద. తెర మీద తెలంగాణ పటం. దాని మీద ఒక మచ్చ: అంచుల్లో నీలం, లోపల పసుపు, నట్టనడుమ ఎరుపు. ఆ ఎరుపు సరిగ్గా వాళ్ల ఊరి మీదే ఉంది. మూలన 11:30 అని రాసి ఉంది. రాత్రి పదకొండున్నరకు పెద్ద వాన అని ఆయన తేల్చేసుకున్నాడు. ఇంటిల్లిపాదీ కలిసి కొమ్ములన్నీ కుప్పచేసి, టార్పాలిన్లు కప్పి, అర్ధరాత్రి దాకా మేలుకొని కూర్చున్నారు.

పొద్దున్నే మళ్లీ కలిశాడు. "చుక్క వడలే సార్. గా ఎర్రది ఎటువోయింది?"

ఇప్పుడు ప్రశ్నలు రెండయ్యాయి. ఆ ఫోటో ఎవరు తీశారు, ఎర్రది ఎటు పోయింది. మొదటి ముడి విప్పుకుంటూ పోతే రెండోది దానంతటదే విడుతుంది. కాస్త ఓపిక పట్టాలి.

చీకట్లో మబ్బు ఎలా కనిపించింది?

మబ్బుల బొమ్మలు పంపే మన ఇన్సాట్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టి రావడానికి ఒక రోజు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికీ అంతే సమయం. అందుకని అది మన నెత్తిమీద ఒకేచోట వేలాడుతున్నట్టే ఉంటుంది. 2013లో ఇన్సాట్-3డీ, 2016లో 3డీఆర్, 2024 ఫిబ్రవరిలో 3డీఎస్ ఇలాగే పైకి వెళ్లాయి.

పగటిపూట బొమ్మ అంటే సరే, ఎండ వెలుగు ఉంది. మరి అమావాస్య రాత్రి కూడా మబ్బులు తెల్లగా ఎలా కనిపిస్తాయి? అక్కడ పనిచేసేది వెలుగు చూసే కన్ను కాదు. పొయ్యి దగ్గర చెయ్యి పెడితే, మంట ఆరిపోయాక కూడా వేడి తగులుతుంది చూడండి, అలాంటి సెగను కొలిచే పరికరం. నేల వెచ్చగా ఉంటుంది. ఎత్తుకు పోయినకొద్దీ చలి. పెద్ద ఉరుముల మబ్బు తల సున్నాకు 60 డిగ్రీలు కిందనో, ఇంకా కిందనో ఉంటుంది. ఉపగ్రహం ఒక్కో చోటి సెగ ఎంతో కొలిచి, చోటుకో అంకె కింద పంపుతుంది. పైనుంచి మనకు దిగేది ఆ అంకెల పట్టికే. అందులో రంగు లేదు, మబ్బు లేదు, సిరికొండ అసలే లేదు.

ఆ అంకెలకు రంగులద్దడం నేల మీది పని. ఉన్నదున్నట్టు అద్దితే చల్లని మబ్బు నుంచి వచ్చే సెగ తక్కువ కాబట్టి మబ్బులన్నీ నల్లగా, వేడెక్కిన నేల తెల్లగా రావాలి. నల్లని మబ్బుల్ని చూసి జనం తికమకపడతారని శాస్త్రవేత్తలు ఆ వరుసను తిరగేశారు: ఎంత చల్లనైతే అంత తెలుపు. తెలుపులో మరీ చల్లనివి ఏవో విడిగా కనబడాలని, కొన్ని బొమ్మల్లో వాటికి నీలం, పసుపు, ఎరుపు పూశారు. అంటే ఆ రైతు తెర మీది ఎరుపు బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా చల్లని చోటు! మనకేమో ఎరుపంటే మిరపకాయ, మంట, ఆగమనే సిగ్నల్. ఆ రంగును ఎన్నుకున్నవాళ్లు జనం దృష్టి పట్టుకుందామనుకున్నారు. పట్టుకున్నారు కూడా, కానీ అర్థం మాత్రం తలకిందులైంది.

అంకెల పట్టికను కంటికి ఆనే బొమ్మగా మార్చే ఈ పనిని సైంటిఫిక్ విజువలైజేషన్ అంటారు. నేను దీన్ని 'రూపు కట్టడం' అంటాను. 1987లో అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ తరఫున వచ్చిన ఒక నివేదిక దీన్ని ఒక విద్యగా గుర్తించమని గట్టిగా వాదించింది. కంప్యూటర్లు అంకెలను కుప్పలు పోస్తున్నాయి, మనిషి కళ్లకు వాటిని చదివే శక్తి లేదు, బొమ్మ కట్టకపోతే ఆ లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే అన్నది దాని సారాంశం.

చుక్కల ముగ్గు

సంక్రాంతికి ముంగిట్లో చుక్కల ముగ్గు పెట్టేటప్పుడు ముందు చుక్కలు, తర్వాత వాటి నడుమ గీత. రూపు కట్టడమూ అంతే. చుక్కలు కొలిచినవి, గీత మనం గీసింది. చుక్కకూ చుక్కకూ నడుమ ఏముందో నిజానికి ఎవరూ కొలవలేదు.

చుక్కలు ఎంత దూరంగా ఉన్నాయన్నది అందుకే ముఖ్యం. ఇన్సాట్ సెగ బొమ్మలో ఒక్కో చుక్క దాదాపు 4 కిలోమీటర్ల చదరం. ఎకరాల్లోకి మారిస్తే సుమారు 4,000 ఎకరాలకు ఒకే అంకె. మీ రెండెకరాల మీద మబ్బుందా లేదా అని ఆ బొమ్మను అడగడం, ఊరి సగటు ఆదాయం చూసి మీ జేబులో ఎంతుందో చెప్పమనడం లాంటిది. వేళ్లతో తెరను సాగదీస్తే మచ్చ పెద్దదవుతుంది, అంచులు నున్నగా కూడా అవుతాయి. కొత్త సంగతి ఒక్కటీ చేరదు. ఆ నునుపు ఫోను చేసిన మెరుగు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, నిజామాబాద్, మెదక్ జిల్లాలను ముంచిన వానలు గుర్తున్నాయి కదా. కామారెడ్డి జిల్లా అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. హైదరాబాద్-నిజామాబాద్ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. వాతావరణ శాఖ వానను తరగతులుగా విడగొడుతుంది. రోజులో 6.45 సెంటీమీటర్ల నుంచి భారీ వర్షం, 11.56 నుంచి అతి భారీ, 20.44 దాటితే అత్యంత భారీ. అత్యంత భారీకి పైన ఇక తరగతి లేదు. తరగతికో రంగు వేసిన పటంలో 21 సెంటీమీటర్లు కురిసిన ఊరికీ, దానికి రెండింతలు కురిసిన అర్గొండకూ ఒకటే రంగు. పదో తరగతి ఫలితాల్లో ఏ-వన్ గ్రేడు వచ్చిన పిల్లలందరూ ఒకే వరుసలో నిలబడ్డట్టు. అంకె చూస్తే గుండె ఆగుతుంది, రంగు చూస్తే అంత అనిపించదు. పటం పక్కన అంకె కూడా వేయాలని నా పట్టుదల. తెలంగాణలో ప్రణాళికా సొసైటీ వారి ఆటోమేటిక్ వాన కొలతల కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి కాబట్టి అంకెలకు కొదవ లేదు.

బేగంపేట నుంచి చూస్తే

ఉపగ్రహం మబ్బు తలను చూస్తుంది. కడుపులో ఏముందో చూసేది రాడార్. హైదరాబాద్ బేగంపేటలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. అది గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలను విసురుతుంది. చినుకులకు తగిలి కొంత వెనక్కి వస్తుంది. 150 కిలోమీటర్ల దూరం పోయి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం, ఎంత బలంగా వచ్చిందో చూసి చినుకుల లావు అంచనా కడతారు.

ఆ బలం వ్యవహారం మహా చిత్రంగా ఉంటుంది. చినుకు అడ్డుకొలత రెట్టింపైతే తిరిగొచ్చే బలం రెట్టింపవదు, 64 రెట్లవుతుంది. అంటే పెద్ద చినుకులు నాలుగు ఉన్నా చాలు, సన్న తుంపర గంపెడున్నంత గొంతు చేసుకుంటాయి. వడగళ్లయితే చెప్పనే అక్కర్లేదు. రాడార్ బొమ్మలో ఎరుపంటే 'నీళ్లు చాలా ఉన్నాయి' అని ప్రతిసారీ కాదు. 'ఇక్కడ లావు చినుకులున్నాయి' అని.

దూరం తెచ్చే చిక్కు వేరే ఉంది. బేగంపేట నుంచి సిరికొండ కాకి దారిన సుమారు 130 కిలోమీటర్లు. భూమి గుండ్రం, తరంగం దాదాపు తిన్నగా పోతుంది. అర డిగ్రీ వాలుతో విసిరితే సిరికొండకు చేరేసరికి అది నేలకు రెండు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, వెడల్పు కూడా అంతే. బోధన్ ఇంకొంచెం దూరం కాబట్టి అక్కడ ఇంకొంచెం ఎత్తు. రెండు కిలోమీటర్ల పైన కురుస్తున్న వాన ఎండాకాలపు పొడి గాలిలో నేలకు చేరేలోపే ఆవిరైపోవచ్చు. అప్పుడు బొమ్మలో వాన ఉంటుంది, కళ్లంలో ఉండదు.

వరద వచ్చినప్పుడు మరో రకం రాడార్ పనికొస్తుంది. అది ఉపగ్రహంలోనే ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈవోఎస్-04 అలాంటిదే. మబ్బు అడ్డున్నా, రాత్రయినా దానికి లెక్కలేదు. దాని సంకేతాలను షాద్‌నగర్ దగ్గరి కేంద్రం అందుకుంటుంది, బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వాటితో వరద పటాలు గీస్తుంది. ఆ బొమ్మల్లో నీళ్లు కాటుక నలుపు. నిలకడ నీరు అద్దంలా తరంగాన్ని పక్కకు తోసేస్తుంది, ఉపగ్రహానికి ఏమీ తిరిగి రాదు, రాని చోట నలుపు. మరి నలుపంతా వరదేనా? మన దగ్గర వానాకాలంలో నాటు వేసిన మడి కూడా నీళ్లతోనే ఉంటుంది, చెరువు ఎలాగూ ఉంటుంది. అందుకే వరదకు ముందు తీసిన బొమ్మను పక్కన పెట్టుకొని, అప్పుడు లేని నలుపు ఇప్పుడు ఎక్కడుందో చూస్తారు. కప్పలవాగు పొంగితే పటంలో మునిగిన చోటని చూపేది ఆ తేడానే.

మునుం పట్టిన కంప్యూటర్లు

ఇంతదాకా చెప్పింది జరిగినదానికి రూపు కట్టడం. రేపటి వానకు బొమ్మ కట్టాలంటే ముందు రేపటిని లెక్కించాలి. ఒక కంప్యూటర్ వల్ల అయ్యే పని కాదిది.

2025 మే 26న మన దేశం 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' మొదలుపెట్టింది. లెక్క కోసం అది ఆకాశాన్ని గడులుగా విడగొడుతుంది. ఒక్కో గడి వెడల్పు 6 కిలోమీటర్లు. అంతకుముందు 12. సగానికి తగ్గిందంటే పని రెట్టింపే అనుకునేరు. 12 కిలోమీటర్ల గడి ఒక్కటి 6 కిలోమీటర్ల గడులు నాలుగవుతుంది. గడి చిన్నదైతే కాలాన్ని కూడా చిన్న చిన్న అడుగులుగా నడిపించాలి, లేకపోతే లెక్క తప్పటడుగు వేస్తుంది. అడుగు సగమైతే అడుగుల సంఖ్య రెట్టింపు. మొత్తం ఎనిమిది రెట్ల పని. ఈ పనికే పుణెలో 'అర్క' అనే సూపర్ కంప్యూటర్, నోయిడాలో 'అరుణిక' అనేది 2024లో వచ్చాయి. కోటి కోట్ల లెక్కలను ఒక మోపు అనుకుంటే, అర్క సెకనుకు దాదాపు 118 మోపులు చేయగలదు.

సూపర్ కంప్యూటర్ అంటే ఒక పెద్ద మెదడు అనుకుంటాం. అది నిజానికి వేలకొద్దీ మామూలు మెదళ్లను తీగలతో కలిపి కట్టిన వల. మన ఆడవాళ్లు నాటు వేసేటప్పుడు చూడండి. మడికి అడ్డంగా వరుసలో నిలబడి, తలా ఒక మునుం పట్టుకొని వెనక్కి నడుస్తారు. ఎవరి మునుం వారిదే, కానీ పక్కవాళ్లను చూసుకుంటూనే నాటాలి. లేకపోతే వరుసల మధ్య సందులు పడతాయి. కంప్యూటర్లూ అంతే. ఒకదానికి నిజామాబాద్ వైపు ఆకాశం, ఇంకోదానికి నాందేడ్ వైపు ఆకాశం పంచారనుకోండి. గాలికి ఆ హద్దు తెలియదు. నాందేడ్ మబ్బు నిజామాబాద్ మునుంలోకి వస్తుంది. అందుకే ప్రతి అడుగు తర్వాత కంప్యూటర్లన్నీ తమ తమ అంచు గడుల్లో ఏముందో పక్కవాటికి చెప్పుకోవాలి. వీటిని ఒడ్డు అంకెలు అందాం. ఒడ్డు అంకెలు అందేదాకా తర్వాతి అడుగు పడదు. వరుసలో ఒక్కరు వెనకబడితే అందరూ నడుము ఎత్తి నిలబడాల్సిందే. కంప్యూటర్లు ఎంత చురుకైనవైనా నడుమనున్న తీగ మందకొడిదైతే పని మందకొడిదే. ఈ రంగంలో డబ్బు ఎక్కువ తినే వాటిలో ఈ తీగలు కూడా ఉన్నాయి.

ఈ ఊహ కంప్యూటర్ల కన్నా పాతది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన 1922లో వేసిన పుస్తకంలో ఒక పెద్ద గుండ్రని మందిరాన్ని ఊహించాడు. గోడల నిండా ప్రపంచ పటం, తలా ఒక ముక్క ముందు పెట్టుకొని లెక్కలు కట్టే 64,000 మంది మనుషులు. నడుమ స్తంభం మీద ఒక మేస్త్రీ. తొందరపడుతున్న వాళ్ల మీద గులాబీ రంగు వెలుగు, వెనకబడ్డ వాళ్ల మీద నీలి వెలుగు వేస్తూ అందరినీ ఒకే అడుగులో నడిపిస్తాడు. అంతకుముందే ఆయన ఒంటరిగా కాగితం మీద 1910 మే 20 నాటి వాతావరణాన్ని లెక్క కట్టి చూశాడు. ఫలితం ఘోరంగా తప్పింది. సిగ్గుపడి దాచుకోకుండా పుస్తకంలో అచ్చు వేశాడు. నాకు ఆయన మీద గౌరవం ముఖ్యంగా అందుకే. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం యంత్రం మీద 24 గంటల సూచన కట్టడానికి దాదాపు 24 గంటలూ పట్టాయి. అంటే రేపటి వాన రేపే తెలిసింది.

మన దేశానికి వస్తే, 1988లో పుణెలో పుట్టిన సీడాక్ సంస్థ 1991లో చిన్న చిన్న ప్రాసెసర్లను వలగా కట్టి పరమ్ 8000 తయారుచేసింది. అమెరికా తన మేటి యంత్రాలను మనకు అమ్మడానికి బెట్టు చేస్తున్న రోజులవి. పెద్ద ఎద్దును ఇవ్వనంటే పది దూడలను కట్టి దున్నినట్టయింది.

చెరకు రాదు, చక్కెర వస్తుంది

లెక్క అయింది. ఆ అంకెలను సిరికొండ దాకా ఎలా తేవాలి? ముందు ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కేద్దాం. భూమి పైభాగం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. 6 కిలోమీటర్ల గడులు 1 కోటీ 40 లక్షలు దాటతాయి. ఒక్కో గడి మీద ఆకాశంలోకి 64 అంతస్తులు అనుకుంటే 90 కోట్ల గదులు. గదికి వేడి, తేమ, గాలి లాంటివి ఆరు అంకెలు. ఒక్క క్షణపు బొమ్మకే 20 జీబీ పైన. పది రోజులకు గంటకొకటి చొప్పున దాస్తే 5,000 జీబీ. మీ ఫోనుకు రోజుకు 2 జీబీ ప్యాక్ ఉందనుకుందాం. పది రోజుల వాతావరణం దించుకోవడానికి ఏడేళ్లు పడుతుంది.

బోధన్ వాళ్లకు ఈ చిక్కు విప్పి చెప్పనక్కర్లేదు. చెరకు బరువెక్కువ, చక్కెర తక్కువ. వంద కిలోల చెరకులో చక్కెర అటూఇటుగా పది కిలోలు. నరికిన చెరకు ఆలస్యమైతే తీపి తగ్గుతుంది. కాబట్టి చెరకును ఊరూరూ తిప్పరు, ఫ్యాక్టరీనే చెరకు పండే చోట పెడతారు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ హైదరాబాద్‌లో కాకుండా బోధన్‌లో వెలిసిందీ, దాని చుట్టూ శక్కర్‌నగర్ పుట్టిందీ ఈ లెక్కతోనే. (2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. చెరకు పండించిన చేతులు వరికి మళ్లిన కథ ఇంకో పుస్తకానికి.)

రూపు కట్టేవాళ్లు పట్టుకున్న కిటుకు అదే. అంకెలు ఎక్కడ పుట్టాయో అక్కడే గానుగ ఆడించు, బొమ్మను మాత్రమే బయటికి పంపు. సూపర్ కంప్యూటర్ పక్కనే బొమ్మలు గీసే కంప్యూటర్లు ఉంటాయి. అక్కడ కూడా మునుం పద్ధతే. తలా ఒక ముక్క గీస్తే చివర్లో అతికించే కంప్యూటర్ ఒకటి. బయటికి వచ్చేది కొన్ని వందల కేబీల బొమ్మ. చెరకు పదికి ఒకటి పిండితే, వీళ్లు కోట్లకు ఒకటి పిండుతారు. పిప్పి అంతా అక్కడే ఉండిపోతుంది. పిప్పిలో మీకు కావలసిందేదో ఉండిపోవచ్చు కూడా, అది వేరే మాట.

ఆ బొమ్మ మీ ఫోనుకైనా ఒక్క ముక్కగా రాదు. షాబాదు బండలు పరిచినట్టు చిన్న చదరాలుగా వస్తుంది. సిగ్నల్ సరిగా లేనిచోట పటం తెరిస్తే కొన్ని గళ్లు బూడిద రంగులో ఉండి, ఒక్కొక్కటే నిండడం మీరు చూసే ఉంటారు. ఒకసారి దగ్గరికి జరిగితే ఒక్కో బండ స్థానంలో నాలుగు బండలు. మీరు చూసే మూల బండలే దిగుతాయి, మిగతా దేశం దిగదు. దిగిన బండలు ఫోనులో నిలవ ఉంటాయి. ఇంటర్నెట్ పోయినా పటం కనిపిస్తూనే ఉంటుంది, ఎప్పటిదో తెలియకుండా.

ఎర్రది ఎటు పోయింది?

ఆ రైతు ఫోను మళ్లీ తీయమన్నాను. బొమ్మ ఇంకా ఉంది. కింద సన్నని రంగుల పట్టీ, దాని మీద అంకెలన్నిటికీ ముందు మైనస్ గుర్తు. అది వాన బొమ్మ కానే కాదు, మబ్బు తల చలి బొమ్మ. ఉరుముల మబ్బు ఆకాశపు కప్పుకు తగిలి దాగలిలా పరుచుకుంటుంది. ఆ పరుపు ఎంత చల్లగా ఉన్నా దాని కింద చినుకు ఉండాలని లేదు. వాన పడితే ఆ మబ్బు మొదలున్న చోట పడి ఉంటుంది, పరుపు మాత్రం సిరికొండ మీదికి వచ్చింది. ఆయన పసుపు తడవకపోవడంలో ఏ వింతా లేదు.

"మరి పదకొండున్నర?" అన్నాడాయన. అంకె పక్కన ఇంకో మూడు అక్షరాలు ఉన్నాయి, మరీ సన్నగా: యూటీసీ. ప్రపంచమంతా వాతావరణ బొమ్మల మీద వాడే గడియారం అది. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. వాళ్లు టార్పాలిన్లు పరుస్తున్నప్పటికే ఆ బొమ్మ పాతబడింది. 11:30 యూటీసీ అంటే మనకు సాయంత్రం 5 గంటలు.